400 కోట్ల యెన్‌లకు చేతులు మారిన లాప్‌టాప్

2020 ఆగస్టు 4న తోషిబా నుంచి ఓ చిన్న ప్రకటన వచ్చింది. ఒకప్పటి తమ లాప్‌టాప్‌ల కంపెనీ డైనాబుక్‌లో తమ దగ్గర మిగిలి ఉన్న 19.9 శాతం షేర్లను షార్ప్‌కు బదిలీ చేశామని, ఇకపై డైనాబుక్ పూర్తిగా షార్ప్ అనుబంధ సంస్థ అని దాని సారాంశం. లాప్‌టాప్‌ను జనంలోకి తెచ్చిన కంపెనీ లాప్‌టాప్‌లతో తెగతెంపులు చేసుకున్న సంగతిని షేర్ల లావాదేవీలాగా చెప్పి ఊరుకున్నారు. నిజానికి వ్యాపారం అంతకు రెండేళ్ల ముందే, 2018లోనే చేతులు మారింది. 80.1 శాతం వాటా అప్పుడే షార్ప్‌కు వెళ్లిపోయింది. ధర సుమారు 400 కోట్ల యెన్‌లు, డాలర్లలో చెప్పాలంటే 3.6 కోట్లు. మిగిలిన ముక్క కూడా వెళ్లిపోయాక గానీ అది వార్త కాలేదు.

ఆ వార్త చూసి నాకు తెలిసినవాళ్లలో కొందరు "అయ్యో, నా మొదటి లాప్‌టాప్ అదే" అని బాధపడ్డారు. మిగతావాళ్లు "ఫోన్లొచ్చాక లాప్‌టాప్‌లు ఎవరు కొంటారండీ" అని తేల్చేశారు. ఈ రెండో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడమే నా ఉద్యోగం. అందులోనూ అది కరోనా ఏడాది. అందరూ ఇళ్లలో కూర్చుని పని చేయాల్సొచ్చి, కొత్త లాప్‌టాప్ కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. స్టోర్‌రూమ్‌లో మూలపడేసిన పాత మిషన్లను నేను దుమ్ము దులిపి, ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ వేసి మనిషికొకటి పంచాను. ప్రపంచం మొత్తమ్మీద ఆ సంవత్సరం 27 నుంచి 30 కోట్ల దాకా పీసీలు అమ్ముడుపోయాయని మార్కెట్ సర్వే సంస్థల లెక్క. అలాంటి ఏడాదిలో ఒక కంపెనీ గిరాకీ లేక తప్పుకుందంటే ఎలా నమ్మేది?

ఫోన్ల దెబ్బ అసలు తగల్లేదని నేను అనను. 2011లో తోషిబా సుమారు 1.77 కోట్ల పీసీలు అమ్మింది. 2017కి అది 14 లక్షలకు పడిపోయింది. అంటే పదో వంతు కూడా మిగల్లేదు. పీసీ మార్కెట్ తగ్గిన మాట నిజమే గానీ అంత ఘోరంగా తగ్గలేదు. లెనోవో, హెచ్‌పీ, డెల్ అదే మార్కెట్లో బతికాయి, బాగానే సంపాదించుకున్నాయి కూడా. కాబట్టి కారణం తోషిబా లోపలే వెతకాలి. అలా వెతుక్కుంటూ వెళ్తే, విచిత్రంగా, తోషిబా మొదటి లాప్‌టాప్‌ను అమ్మిపెట్టిన మనిషి దగ్గరికే వెళ్లి ఆగుతాం.

టోక్యోకు పడమటి వైపు ఓమె అనే ఊళ్లో తోషిబా ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనిచేసే తెత్సుయా మిజోగుచి అనే ఇంజనీరు 1980ల మొదట్లో, చేత్తో పట్టుకుపోగలిగే పీసీ తయారుచేద్దామని పట్టుబట్టాడు. ఐబీఎం పీసీ మీద నడిచే సాఫ్ట్‌వేర్ అంతా దీనిమీదా నడవాలి, బ్యాటరీతో పనిచేయాలి, మూతేస్తే బ్యాగులో పట్టాలి. హెడ్డాఫీసు వద్దంది. ఆయన వినలేదు. వేరే పనులకు కేటాయించిన డబ్బునీ మనుషులనీ దీనికి మళ్లించి గుట్టుగా నమూనా తయారుచేయించాడు. సరే, తయారైంది. అమ్మేదెవరు? జపాన్‌లో అప్పటి పీసీ మార్కెట్ ఎన్ఈసీ అనే జపాన్ కంపెనీ గుప్పిట్లో ఉండేది, వాళ్ల మిషన్ల దారి ఐబీఎం దారికి వేరు. అప్పుడు యూరప్‌లో అమ్మకాలు చూస్తున్న అత్సుతోషి నిషిదా ముందుకొచ్చి, ఏడాదికి 10,000 అమ్మిపెడతానన్నాడు.

ఈ నిషిదా మామూలు సేల్స్ మనిషి కాదు. టోక్యో యూనివర్సిటీలో పాశ్చాత్య రాజకీయ తత్వం చదువుకున్నవాడు. ఇరాన్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇరాన్‌లో తోషిబా భాగస్వామిగా ఉన్న కంపెనీ ద్వారా, ముప్ఫై దాటాక తోషిబాలో అడుగుపెట్టాడు. ఒకే కంపెనీలో చిన్నప్పట్నుంచి చేరి రిటైరయ్యే ఆనాటి జపాన్ ఉద్యోగుల మధ్య ఆయన లెక్కే వేరు.

1985లో టీ1100 పేరుతో ఆ మిషన్ ముందు యూరప్‌లోనే విడుదలైంది. బరువు సుమారు 4 కిలోలు, మెమరీ 256 కేబీ, వెనక లైటు లేని ఎల్‌సీడీ తెర. హార్డ్‌డిస్క్ లేదు, 3.5 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒక్కటే. అసలు చిక్కు ఆ ఫ్లాపీ దగ్గరే వచ్చింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అంతా 5.25 అంగుళాల పెద్ద ఫ్లాపీల మీద అమ్మేవారు. మిషన్ బ్రహ్మాండంగా ఉన్నా అందులో వేసుకోవడానికి ప్రోగ్రాములు లేకపోతే కొనేవాడెవడు? నిషిదా సాఫ్ట్‌వేర్ కంపెనీల చుట్టూ తిరిగి, లెక్కల పట్టికలు వేసుకునే లోటస్ 1-2-3 లాంటి పేరున్న ప్రోగ్రాములను చిన్న ఫ్లాపీ మీద కూడా ఇచ్చేలా ఒప్పించాడు. ఇంకా పుట్టని మిషన్ కోసం, ఇంకా ఎవరూ వాడని సైజులో సరుకు తయారుచేయమని వేరే కంపెనీవాళ్లను ఒప్పించడం ఎంత కష్టమో, కొత్త వెండర్‌తో ఒక్క మీటింగ్‌లో కూర్చున్నవాళ్లకైనా తెలుస్తుంది. ఇంజనీర్ల కథలు చెప్పుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు. నా లెక్కలో టీ1100 విజయంలో సగం ఇదే.

తర్వాత దారి చకచకా సాగింది. నారింజ రంగు ప్లాస్మా తెరతో, హార్డ్‌డిస్క్‌తో 1986లో టీ3100 వచ్చింది. 1989లో జపాన్‌లో డైనాబుక్ పేరుతో నోట్‌బుక్ సైజు మిషన్ వచ్చింది. 1996లో అరచేతిలో ఇమిడే లిబ్రెట్టో, బరువు కిలో కూడా లేదు. 1994 నుంచి 2000 దాకా వరసగా ఏడేళ్లు లాప్‌టాప్ అమ్మకాల్లో ప్రపంచంలో తోషిబాదే మొదటి స్థానం.

నా చేతికి తోషిబా వచ్చింది ఇదంతా అయ్యాక, శాటిలైట్ అనే మోడళ్ల రోజుల్లో. ఆ మిషన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది సౌండ్ తిప్పే చక్రం. ముందు అంచున, హెడ్‌ఫోన్ రంధ్రం పక్కన, సగం బయటికి కనబడే చిన్న ప్లాస్టిక్ చక్రం. బొటనవేలితో ఇటు తిప్పితే పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. విండోస్ లోడ్ కాకపోయినా, స్క్రీన్ బిగుసుకుపోయినా అది పనిచేస్తుంది. మీటింగ్ మధ్యలో ఏదో వీడియో గట్టిగా మోగిందనుకోండి, మౌస్ కోసం, కీబోర్డ్ మీద ఫంక్షన్ కీల కోసం తడుముకోకుండా వేలు దానంతటదే అక్కడికి వెళ్లిపోతుంది. ఇప్పటి లాప్‌టాప్‌ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఈ చక్రం లేకపోవడమే అంటే మా టీమ్ పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

రెండోది మిషన్ తిరగేస్తే కనబడేది. అడుగున స్క్రూ రంధ్రాల పక్కన, ప్లాస్టిక్ మీదే ఎఫ్6, ఎఫ్8 అంటూ చిన్న గుర్తులు అచ్చు వేసి ఉండేవి. ఆ అంకె స్క్రూ పొడవు, మిల్లీమీటర్లలో. లాప్‌టాప్ విప్పేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పదిహేను, ఇరవై స్క్రూలు విప్పి బల్ల మీద పెట్టాక ఏది ఎక్కడిదో గుర్తుండదు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది వేసి బిగిస్తే పైన పామ్‌రెస్ట్, అంటే అరచేయి ఆనించే భాగం, ఉబ్బుతుంది, అదృష్టం బాగాలేకపోతే బోర్డులోకే దిగుతుంది. రేపెవరో దీన్ని విప్పుతారు, తిరిగి బిగిస్తారు అని డిజైన్ దశలోనే అనుకున్నవాళ్లు వేసిన గుర్తులవి. అలా అనుకోవడం ఇప్పుడు చాలామందికి పట్టదు. మూతను గమ్‌తో అతికించేస్తున్నారు.

ఈ ఇంజనీరింగ్ బుద్ధి ఎక్కడికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

1985లో లాప్‌టాప్ చేయాలంటే కంపెనీకి దమ్ముండాలి. బోర్డంతటినీ చిన్న పెట్టెలో కుదించడానికి సొంత చిప్‌లు డిజైన్ చేసుకోవాలి, తెరలు తెలియాలి, బ్యాటరీలు తెలియాలి, వేడి బయటికి ఎలా పంపాలో తెలియాలి. తోషిబాలో ఇవన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. కాలం గడిచేకొద్దీ ఆ తెలివంతా ఇంటెల్ చిప్‌సెట్‌లోకి, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లలోకి, వెళ్లిపోయింది. 2003లో ఇంటెల్ సెంట్రినో తెచ్చింది. ప్రాసెసర్, చిప్‌సెట్, వైఫై మూడూ ఒకే మూటగా ఇచ్చింది. ఆ మూట కొన్నవాడెవడైనా మంచి లాప్‌టాప్ చేయగలడు. దానికి బోర్డు గీసి, తయారుచేసి, పెట్టెలో పెట్టి ఇవ్వడానికి తైవాన్‌లో క్వాంటా, కాంపల్ లాంటి కంపెనీలు సిద్ధంగా ఉన్నాయి. లాభం ఇంటెల్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ ముందే వెళ్లిపోతుంది. మూత మీద పేరున్నవాడికి మిగిలేది నూటికి రెండో మూడో. అందులోనే ప్రకటనలు, సర్వీస్ సెంటర్లు, వారంటీ అన్నీ భరించాలి.

ఇలాంటి పరిస్థితుల్లో బతకాలంటే రెండే మార్గాలు. విపరీతమైన సంఖ్యలో అమ్మాలి, లేదంటే ఎక్కువ ధర పెట్టడానికి ఒప్పుకునే కొద్దిమందికే అమ్మాలి. తోషిబా మొదటి దారి పట్టింది. అక్కడే మూడో మార్గం ఒకటి కనిపెట్టింది. ఇది 2015లో బయటపడింది. ఇది చదివిన రోజు మా అకౌంట్స్ మేడమ్ దగ్గర కూర్చుని అర్థమయ్యేదాకా చెప్పించుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

పెద్ద కంపెనీ కాబట్టి స్క్రీన్లు, డిస్కులు, మెమరీ లాంటి పార్టులు తోషిబాకు టోకున చవగ్గా దొరికేవి. వాటిని కొని తైవాన్ తయారీదారుకు అమ్మేది. తాము ఎంతకు కొన్నదీ బయటికి పొక్కకూడదు కదా, అందుకని అసలు ధర దాచి, పెంచిన ధర వేసేవారు. దాన్ని మాస్కింగ్ ప్రైస్ అంటారు. ఇందులో తప్పేమీ లేదు. ఉదాహరణకు 100కి కొన్న పార్టును 300కి ఇచ్చారనుకోండి. తయారీదారు ఆ 300కి తన ఖర్చు, కూలి కలుపుకుని, తయారైన లాప్‌టాప్‌ను తిరిగి తోషిబాకే అమ్ముతాడు. అంటే తోషిబా అప్పుడు తీసుకున్న అదనపు 200 ఇప్పుడు వెనక్కి కట్టేస్తుంది. చివరికి లెక్క సున్నా.

కిటుకంతా మధ్యలో ఉన్న టైములో ఉంది. పార్టులు ఇచ్చిన రోజుకీ లాప్‌టాప్‌లు తిరిగొచ్చే రోజుకీ మధ్య క్వార్టర్ ముగిసిందనుకోండి, ఆ 200 పుస్తకాల్లో లాభంలా కనిపిస్తుంది. మొదట్లో అది ఏదో కొద్దిపాటి తేడా. తర్వాత దాన్ని కావాలని పెంచడం మొదలుపెట్టారు. క్వార్టర్ చివరి రోజుల్లో అవసరం ఉన్నా లేకపోయినా పార్టులు తయారీదారు గోడౌన్‌కు తోసేయడం, లాభం చూపించుకోవడం. మూడు నెలలు తిరిగేసరికి ఆ మిషన్లు తిరిగొస్తాయి, లాభం కాస్తా నష్టంగా మారుతుంది. దాన్ని కప్పడానికి ఈసారి ఇంకా ఎక్కువ పార్టులు తోయాలి. పెంచిన ధర ఒక దశలో అసలు ధరకు ఐదు రెట్లు దాటిపోయింది. క్రెడిట్ కార్డు బిల్లు ఇంకో క్రెడిట్ కార్డుతో కట్టేవాడి పరిస్థితే.

విచారణ కమిటీ నివేదికలో ఒక సంగతి నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. 2012 సెప్టెంబరు చివర్లో, క్వార్టర్ ముగియడానికి మూడు రోజులుందనగా, అప్పటి ప్రెసిడెంట్ నోరియో ససాకి పీసీ విభాగం నుంచి 1,200 కోట్ల యెన్‌ల లాభం పెరగాలన్నాడు. మూడు రోజుల్లో! కొత్త మోడల్ డిజైన్ చేసి అమ్మే టైమా అది? అడిగినవాడికీ తెలుసు, విన్నవాళ్లకీ తెలుసు ఆ లాభం ఎక్కడ్నుంచి వస్తుందో. ఇలా పైనుంచి వచ్చే టార్గెట్లకు కంపెనీలో 'ఛాలెంజ్' అని పేరు. పైవాడు ఛాలెంజ్ అన్నాక కిందవాడు కుదరదనే అలవాటు అక్కడ లేదు.

అప్పటికి లాప్‌టాప్ విభాగం పని లాప్‌టాప్‌లు అమ్మడం కన్నా, మిగతా కంపెనీ అంకెలు బాగా కనబడేలా చేయడమైపోయింది. అలాంటి చోట ఒక ఇంజనీరు వెళ్లి మూత మందం తగ్గిద్దామనో, స్క్రూల పక్కన గుర్తులు వేద్దామనో అంటే వినే ఓపిక ఎవరికుంటుంది? ఏ మోడల్ బాగుంది, ఏది బాలేదు అన్న చర్చకే విలువ లేకుండా పోతుంది. పీసీలొక్కటే కాదు, టీవీలు, చిప్‌లు, మౌలిక వసతుల ప్రాజెక్టులు, అన్ని విభాగాల లెక్కలూ కలిపి 15,000 కోట్ల యెన్‌లకు పైగా లాభాలు ఎక్కువచేసి చూపించారని తేలింది. 2015 జులై 21న ముగ్గురు రాజీనామా చేశారు. ప్రెసిడెంట్ హిసావో తనాకా, ఆయన ముందు ఆ పదవిలో ఉన్న ససాకి, ససాకి కన్నా ముందున్న నిషిదా. అవును, టీ1100ను అమ్మిపెట్టిన ఆ నిషిదానే. 2004లో నష్టాల్లో ఉన్న పీసీ విభాగాన్ని లాభాల్లోకి తెచ్చాడన్న పేరుతోనే ఆయన 2005లో ప్రెసిడెంట్ అయ్యాడు.

ప్రెసిడెంట్‌గా ఆయన చేసిన పెద్ద పని 2006లో అమెరికా అణు రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్‌ను 540 కోట్ల డాలర్లకు కొనడం. ప్రపంచమంతా అణువిద్యుత్ కేంద్రాలు కట్టబోతోందన్న నమ్మకం. 2011లో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. అమెరికాలో కడుతున్న రియాక్టర్ల ఖర్చు అదుపు తప్పింది. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. లెక్కల గొడవా, ఈ అణు నష్టాలూ కలిసి తవ్విన గొయ్యి పూడ్చడానికి ఆ రెండు మూడేళ్లలో తోషిబా ఇంట్లో సామానంతా బయట పెట్టింది. వైద్య పరికరాల విభాగం కానన్‌కు, ఫ్రిజ్‌లు వాషింగ్ మెషిన్లు మీడియా (Midea) అనే చైనా కంపెనీకి, టీవీలు హైసెన్స్‌కు. అన్నిటికన్నా విలువైన మెమరీ చిప్‌ల విభాగాన్ని బెయిన్ అనే పెట్టుబడి సంస్థ నాయకత్వంలోని బృందానికి అమ్మారు. ఇప్పుడు దాని పేరు కియోక్సియా.

ఈ మెమరీ సంగతి కాస్త చెప్పుకోవాలి. మన ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో, ఎస్ఎస్‌డీల్లో ఉండే ఫ్లాష్ మెమరీని కనిపెట్టిందే తోషిబాలో. 1980లలో ఫుజియో మసుయోకా అనే ఇంజనీరు చేసిన పని అది. 2018లో ఆ విభాగానికి వచ్చిన ధర 2 లక్షల కోట్ల యెన్‌లు. అదే ఏడాది లాప్‌టాప్ వ్యాపారంలో 80 శాతానికి వచ్చింది 400 కోట్లు. ఐదు వందల రెట్లు తేడా! టీవీల వ్యాపారానికి కూడా లాప్‌టాప్‌లకు మూడింతలు వచ్చింది. లాప్‌టాప్‌లో పెట్టే ఒక పార్టు అంత పలికింది. పార్టులన్నీ కలిపి, మూత మీద పేరేసి, వారంటీ ఇచ్చి అమ్మే పని ఇంతే పలికింది. లాభం ఎటు వెళ్లిందో దీనికన్నా స్పష్టంగా చెప్పే లెక్క నాకు దొరకలేదు.

కొన్నది షార్ప్ అన్నాం గానీ, షార్ప్‌ను 2016లోనే ఫాక్స్‌కాన్ కొనేసింది. అందరి ఫోన్లూ కంప్యూటర్లూ తయారుచేసిపెట్టే తైవాన్ కంపెనీ. షార్ప్ అయితే తన సొంత పీసీల వ్యాపారాన్ని 2010లోనే వదిలేసింది. ఇలా పీసీలు మానేసిన కంపెనీ, పీసీలు మానేస్తున్న ఇంకో కంపెనీ దగ్గర పీసీ వ్యాపారం కొంది. వెనకున్నది ఫాక్స్‌కాన్ కాబట్టి అది అర్థంలేని పనేమీ కాదు. పార్టులు కొనే బలం, ఫ్యాక్టరీలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. లేనిదల్లా పీసీల్లో పేరొక్కటే, డైనాబుక్ అన్న ఆ పేరు చవగ్గా దొరికింది.

మిగతా జపాన్ కంపెనీలదీ దాదాపు ఇదే కథ. ఎన్ఈసీ 2011లో, ఫుజిత్సు 2018లో లెనోవోతో చేతులు కలిపాయి. సోనీ 2014లో తన పీసీల విభాగం వాయోను జపాన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మింది. మధ్యలో 2016లో తోషిబా, ఫుజిత్సు, వాయో మూడింటినీ కలిపేద్దామన్న మాటలు నడిచి ఆగిపోయాయి. సొంతంగా నిలబడిందల్లా పానాసోనిక్, అదీ కిందపడినా పగలని టఫ్‌బుక్ లాంటివాటిని కొద్దిమందికి ఎక్కువ ధరకు అమ్ముకుంటూ. ఇందాక చెప్పిన రెండో దారి అదే.

పీసీలు వదిలేయడమే తప్పని నేను అనడం లేదు. ఐబీఎం కూడా వదిలేసింది. 2004 డిసెంబరులో లెనోవోకు అమ్ముతున్నట్టు ప్రకటించింది, 2005 మేలో పని పూర్తయింది. అప్పటికి మూడున్నరేళ్లలో ఆ విభాగం 96 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టింది. కానీ ఐబీఎం వేరే వ్యాపారాలతో బలంగా ఉండగా, తీరిగ్గా ఆలోచించుకుని అమ్మింది. సుమారు 10,000 మంది ఉద్యోగులు లెనోవోకు వెళ్లారు. అందులో జపాన్‌లోని యమాటో ల్యాబ్‌లో థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌లు డిజైన్ చేసే ఇంజనీర్లూ ఉన్నారు. పేరు పోలేదు, మనుషులు పోలేదు. నేను చూసుకునే ఆఫీసులో ఆ మార్పు జరిగిందని వాడేవాళ్లకు తెలియను కూడా తెలియలేదు. బూట్ అయ్యేటప్పుడు కనబడే లోగో మారింది, అంతే. తోషిబా అమ్మేనాటికి అమ్మడానికి పెద్దగా ఏమీ మిగల్చలేదు. తోషిబా అన్న పేరును కూడా తన దగ్గరే ఉంచుకుంది. 2019 నుంచి ఆ లాప్‌టాప్‌ల మీద డైనాబుక్ అని ఉంటోంది. జపాన్ వాళ్లకు ఆ పేరు 1989 నుంచీ తెలుసు. బయట జనానికి అదేదో కొత్త కంపెనీ.

చివరికి తోషిబా అనే కంపెనీనే 2023లో సుమారు 2 లక్షల కోట్ల యెన్‌లకు కొనేశారు. అదే ఏడాది డిసెంబరు 20న టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో దాని షేర్ల ట్రేడింగ్ ఆగిపోయింది. 1949 నుంచి అక్కడ ఉన్న పేరు. కొన్న బృందానికి నాయకత్వం వహించింది వాయోను కొన్న ఆ జపాన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్సే. నిషిదా ఇదంతా చూడలేదు. 2017 డిసెంబరులోనే చనిపోయాడు.

నన్ను ఎక్కువమంది అడిగేది ఈ చరిత్ర గురించి కాదు లెండి. పాత తోషిబా ఇంకా వాడుతున్నవాళ్లు డ్రైవర్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. డైనాబుక్ సపోర్ట్ సైటులో వెతకండి, పాత మోడళ్ల పేజీలు అక్కడికి వెళ్లాయి. మీ మోడల్ పేజీ కనబడితే బయోస్ (మిషన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) ఫైలు, వైఫై డ్రైవరు ఇవాళే దించి పెన్‌డ్రైవులో పెట్టుకోండి. చేతులు మారిన కంపెనీల పాత పేజీలు ఎప్పుడు మాయమవుతాయో ఎవరూ చెప్పరు.

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ డిస్క్ చూస్తూ, "అన్నా, తోషిబా మూసేశారు కదా, ఈ డిస్క్ తీసుకోవచ్చా? వారంటీ ఎవరిస్తారు?" అని అడిగాడు. హార్డ్‌డిస్కుల విభాగాన్ని వాళ్లు అమ్మలేదురా, తీసుకో, వారంటీ వాళ్లే ఇస్తారు అన్నాను. నమ్మకం కుదరక ఫోన్ తీసి వెతుక్కున్నాడు. అన్నీ అమ్మేసినవాళ్లు ఇదొక్కటి ఎందుకు ఉంచుకున్నారని మళ్లీ అడిగాడు. డేటా సెంటర్లవాళ్లు ఇప్పటికీ పెద్ద సైజు డిస్కులు లెక్కలేనన్ని కొంటున్నారు, వాటిని తయారుచేయగలిగే కంపెనీలు ప్రపంచంలో మూడే మిగిలాయి, సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా అని చెప్పాను. డిస్క్ ఆర్డర్ పెట్టాడు.